ఆ మాట ఎవరిది? అనువాదంతో కథ చదివించిన ఒక సెమిస్టర్

పీజీ ఇంగ్లీషు సాహిత్యం జవాబు పత్రాలు దిద్దేవాళ్లకి ఒక రకం వాక్యం బాగా పరిచయం: ‘ఈ కథలో రచయితకి పేదవాళ్లంటే చులకన భావం ఉన్నట్టు తెలుస్తోంది.’ కథ తెరిచి చూస్తే ఆ చులకన రచయితది కాదు, కథలోని ఒక పాత్రది. ఆ పాత్రని ఎండగట్టడానికే రచయిత ఆ మాటలు రాశాడు. విద్యార్థి మాత్రం పాత్ర మనసులోని మాటని తీసుకెళ్లి రచయిత ఖాతాలో వేసేశాడు. మిగతా జవాబంతా బాగానే ఉంటుంది. ఇతివృత్తం, పాత్ర చిత్రణ, ప్రతీకలు, అన్నీ వరసగా ఉంటాయి, భాష కూడా శుభ్రంగా ఉంటుంది. నోట్సుల్లోనూ నెట్‌లోనూ దొరికే సరుకు శుభ్రంగానే ఉంటుంది మరి.

నేను చెప్పే పేపర్లు రెండు: కథా సాహిత్య విశ్లేషణ ఒకటి, అనువాదం ఒకటి. టైం టేబుల్లో ఇవి వేర్వేరు రోజుల్లో ఉంటాయి, విద్యార్థుల బుర్రలోనూ వేర్వేరు అరల్లోనే ఉంటాయి. విశ్లేషణ అంటే అభిప్రాయాలు రాయడం, అనువాదం అంటే మాటకి మాట వెతకడం. ఒక సెమిస్టర్ పాటు ఒకే సెక్షన్‌తో ఈ రెంటినీ కలిపి చూశాను. విద్యార్థి కథని ఎలా చదివాడో తెలుసుకోవడానికి వ్యాసం కన్నా అనువాదం మంచి సాధనం అవుతుందా అన్నదే ప్రశ్న. టీచరు తన క్లాసు సమస్యని తనే పరిశోధించి, పాఠం మార్చి, మళ్ళీ చూసుకునే ఈ పద్ధతిని యాక్షన్ రీసెర్చ్ అంటారు. మనస్తత్వవేత్త కర్ట్ లెవిన్ 1940లలో ఈ పేరుని వాడుకలోకి తెచ్చాడు. పెద్ద సిద్ధాంతాలు తేల్చడానికి ఇది పనికిరాదు. రేపటి పాఠం ఎలా చెప్పాలో తేల్చుకోవడానికి పనికొస్తుంది.

ముందు సమస్య ఏమిటో కొంచెం దగ్గరగా చూద్దాం.

కథకుడు మూడో మనిషిగా, అంటే ‘అతను, ఆమె’ అంటూ కథ చెప్తూ చెప్తూ, ఎలాంటి హెచ్చరికా లేకుండా పాత్ర మనసులోకి దిగిపోతాడు. కొటేషన్ గుర్తులుండవు, ‘అని అనుకున్నాడు’ ఉండదు. వాక్యం కథకుడిదిలాగే కనిపిస్తుంది, గొంతు మాత్రం పాత్రది. స్విస్ భాషావేత్త చార్లెస్ బాలీ 1912లో దీనికి ఫ్రెంచిలో పేరు పెట్టాడు. ఇంగ్లీషులో ఫ్రీ ఇండైరెక్ట్ స్పీచ్ అంటారు. తెలుగులో స్వేచ్ఛా పరోక్ష కథనం అంటున్నాం, కొంచెం బరువైన పేరే. పేరు పుట్టక ముందే ఈ పద్ధతి ఒక రచయితని కోర్టుకి లాగడంలో తన పాత్ర పోషించింది. ‘మదామ్ బోవరీ’ నవల మీద 1857లో పారిస్‌లో కేసు నడిచినప్పుడు, నాయిక మనసులో పొంగిన సంబరాన్ని ప్రాసిక్యూటర్ రచయిత మాటగా చదివి, వ్యభిచారాన్ని కీర్తిస్తున్నాడని వాదించాడు. రచయిత ఫ్లోబేర్ నిర్దోషిగా బయటపడ్డాడు. చదువుకున్న లాయరుకే అలా అనిపించినప్పుడు మా విద్యార్థుల్ని తప్పు పట్టి ఏం లాభం?

పరీక్షకి పేరున్న కథ తీసుకుంటే దాని మీద నోట్సు ఫోన్లోనే దొరుకుతుంది. సాహిత్య విమర్శకుడు ఐ.ఎ. రిచర్డ్స్ 1920లలో కేంబ్రిడ్జిలో విద్యార్థులకి కవితలిచ్చి, కవి పేరు చెప్పకుండా వ్యాఖ్యానాలు రాయించాడు. పేరు తీసేసరికి, మంచి చదువరులు అనుకున్నవాళ్లు కూడా కవితలో సాదా అర్థం దగ్గరే తడబడ్డారు. నేను ఇంకో అడుగు వేసి, ఎక్కడా అచ్చు కాని ఒక చిన్న భాగం ఇంగ్లీషులో స్వయంగా రాసుకున్నాను. గొప్ప కథేం కాదు, పనికి సరిపోయేది.

ఆ భాగంలో జరిగేది ఇంతే. ఆస్పత్రి వెయిటింగ్ హాల్లో ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు కూర్చుని ఉంటాడు. మర్నాడు ఆయనకి ఆపరేషన్. వస్తానన్న కొడుకు ఇంకా రాలేదు. ఆయన గోడ గడియారం చూస్తాడు. కొడుకు ఆలస్యం, పెద్ద ఆఫీసరు కావడం, ఒక ఫోన్ కూడా చెయ్యకపోవడం, ఇవన్నీ వరసగా వస్తాయి. నర్సు ఆయన పేరు రెండుసార్లు తప్పు పలికింది, ఆమె తెలివితక్కువ పిల్ల. ఆయన పేపరు మడిచి పక్కన పెడతాడు. చివర్లో ‘పాపం, పిల్లాడికి ఎన్ని పనులో’ అనే అర్థం వచ్చే వాక్యం. ఇంగ్లీషులో క్రియలన్నీ భూతకాలంలోనే ఉంటాయి, తండ్రికీ కొడుక్కీ ఒకటే ‘హి’. అయితే ఒక చోట ‘టుమారో’ వచ్చి భూతకాల క్రియ పక్కన కూర్చుంటుంది. కథకుడి లెక్కలో అది రేపు కాదు, ఎప్పుడో గడిచిపోయిన రోజు. హెడ్మాస్టరుకే అది రేపు. గొంతు మారిందని మూలంలో కనపడే గట్టి ఆనవాలు అదొక్కటే.

మొదటి విడతలో మామూలు ప్రశ్నలిచ్చాను. ఎవరు, ఎక్కడ, ఎందుకు ఎదురు చూస్తున్నారు? దాదాపు అందరూ సరిగ్గా రాశారు. ‘నర్సు ఎలాంటి మనిషి?’ అన్న ప్రశ్న దగ్గర మాత్రం సగానికి పైగా ‘తెలివితక్కువది’ అని తేల్చేశారు. ఆధారం చూపించమంటే ఆ వాక్యాన్నే ఎత్తి రాశారు. ఒకరిద్దరు ఇంకా ముందుకెళ్లి, నర్సింగ్ వృత్తిని రచయిత కించపరిచారని విమర్శ కూడా పెట్టారు. ఆవేశం నిజమైనదే, తగలాల్సిన చోటు వేరు.

వారం ఆగి, ముందస్తుగా ఏమీ చెప్పకుండా, అదే భాగాన్ని తెలుగులోకి అనువదించమన్నాను. వచ్చిన పేపర్లని దగ్గర పెట్టుకుంటే మూడు కుప్పలయ్యాయి.

మొదటి కుప్పలో పెద్దవాటా ఇలాంటివే:

‘ఆయన గోడ గడియారం వైపు చూశాడు. అతను ఎప్పటిలాగే ఆలస్యం అయ్యాడు. అతను పెద్ద ఆఫీసరు. మర్నాడు ఆపరేషన్ ఉంది. నర్సు తెలివితక్కువ అమ్మాయి. ఆమె ఆయన పేరును రెండుసార్లు తప్పుగా పలికింది.’

రెండో కుప్ప:

‘ఆయన గోడ గడియారం వైపు చూశాడు. కొడుకు ఎప్పటిలాగే ఆలస్యం చేశాడని అనుకున్నాడు. మర్నాడు తనకు ఆపరేషన్ అని గుర్తు చేసుకున్నాడు. నర్సు తెలివితక్కువదని ఆయనకు అనిపించింది.’

మూడో కుప్ప చాలా చిన్నది. అందులో ఒకటి:

‘గోడ గడియారం వైపు చూశాడు. మళ్ళీ లేటు. ఆఫీసరు గారు కదా మరి! రేపు ఆపరేషన్ పెట్టుకుని, వీడు ఒక్క ఫోన్ కూడా చెయ్యలేదు. ఈ నర్సు పిల్లకి బుర్ర లేదు. పేరు కూడా సరిగ్గా పలకడం రాదు.’

మొదటి అనువాదంలో వ్యాకరణం తప్పు లేదు, మాటల అర్థం తప్పు లేదు. కానీ వాక్యాలన్నీ కథకుడి నోట్లోనే ఉండిపోయాయి. ‘మర్నాడు’ అన్నది బయట నిలబడి చెప్పే మాట. ‘అతను’ ఏ తండ్రీ కొడుకు గురించి మనసులో అనుకునే మాట కాదు. రెండో అనువాదం చేసినవాళ్లకి గొంతు మారిందని తెలిసింది. తెలిసిన సంగతిని పాఠకుడికి కూడా చెప్పేయాలన్న ఆత్రంలో ప్రతి వాక్యానికీ ఒక ‘అని’ తగిలించారు. మూలంలో ఉన్న ఊగిసలాట పోయి పోలీసు వాంగ్మూలంలా తయారైంది. అయినా చదవడంలో లోపం లేదు, రాయడంలో ఉంది. ఈ తేడా నాకు చాలా ముఖ్యం, ఎందుకంటే రెంటికీ మందు వేరు. వ్యాసంలో ఈ ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు, ఒక్కోసారి మొదటివాళ్లే బాగా కనిపిస్తారు.

మూడోది చూడండి. ‘రేపు’, ‘వీడు’, ‘ఈ’, ‘కదా మరి’. ఒక్క ‘అనుకున్నాడు’ కూడా లేకుండా హెడ్మాస్టరు కళ్లలోంచే హాలంతా కనిపిస్తోంది. మా మామూలు మార్కుల పద్ధతి ప్రకారం దీనికి కోత పడాలి. ‘రెండుసార్లు’ అన్నది ఎగిరిపోయింది, ‘ఆయన’ లేకుండానే మొదటి వాక్యం నడిచింది. ఆ కోతలు న్యాయమైనవే. కానీ గొంతు పట్టుకున్నందుకు ఇవ్వడానికి మా స్కీములో గడే లేదు.

ఈ మూడో అనువాదం చేసిన కుర్రాడు డిగ్రీ దాకా తెలుగు మీడియం. ఇంగ్లీషు వ్యాసాల్లో అతని మార్కులు ఎప్పుడూ అడుగునే ఉంటాయి. ఫ్రీ ఇండైరెక్ట్ స్పీచ్ అన్న పేరు అతను వినలేదు. దీనికి సరిగ్గా ఎదురుగా, ఆ పేరుని నిర్వచనంతో సహా వ్యాసంలో రాసిన ఒక అమ్మాయి, అనువాదంలో ‘నర్సు తెలివితక్కువ అమ్మాయి’ అని నిబ్బరంగా రాసింది. వ్యాసం ఒకరి చదువుని దాచింది, ఇంకొకరి చదవకపోవడాన్ని కప్పింది. ఈ ఇద్దరి పేపర్లూ పక్కపక్కన పెట్టాక, ఈ అధ్యయనం ఎందుకు చేస్తున్నానో ఎవరికైనా చెప్పడం తేలికైంది.

తర్వాత తెలుసుకోవాల్సింది, అనువాదం చేస్తున్నప్పుడు వాళ్ల మనసులో ఏం జరుగుతోందన్నది. పని చేస్తూ మనసులో మాట పైకి చెప్పించి, దాన్ని పరిశోధనకి ఆధారంగా వాడే పద్ధతిని మనస్తత్వ పరిశోధకులు ఎరిక్సన్, సైమన్ 1980లలో పకడ్బందీగా తీర్చిదిద్దారు. అనువాద పరిశోధకులు కూడా ఆ దశకంలోనే దాన్ని అందిపుచ్చుకున్నారు. మా క్లాసులో అది నడవలేదు. ఒంటరిగా కూర్చుని పైకి మాట్లాడమంటే కొందరు సిగ్గుపడ్డారు, కొందరు నాకు పాఠం అప్పజెప్పడం మొదలుపెట్టారు. ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి ఒకే అనువాదం రాయమంటే మాత్రం రికార్డు చెయ్యడానికి ఫోన్ మెమరీ చాలలేదు. అందరి అనుమతితోనే రికార్డు చేశాను. ఒక జంట మాటలు:

‘వాడు అని రాద్దామే.’

‘సార్ కొట్టేస్తారు. మర్యాదగా లేదు.’

‘కొడుకుని తండ్రి మర్యాదగా అనుకుంటాడా? మీ నాన్న మీ అన్నయ్యని అతను అంటారా?’

‘అనుకునేది తండ్రి అని ఎక్కడుంది? అనుకున్నాడు అని లేదుగా.’

‘మరి నర్సుని తిట్టేదెవరు, రచయితా?’

కాసేపు చప్పుడు లేదు. తర్వాత కాగితం తిప్పిన శబ్దం.

‘అయితే పైవన్నీ కూడా మార్చాలే.’

నర్సు ఎలాంటిదన్న ప్రశ్నకి ‘తెలివితక్కువది’ అని జవాబు రాసిన అమ్మాయే ఈ చివరి మాట అన్నది. ఆమెని కదిలించింది నేను చెప్పిన పాఠం కాదు, తెలుగు సర్వనామం. ఇంగ్లీషు ‘హి’ దగ్గర ఎవరూ ఆగక్కర్లేదు. తెలుగులోకి వచ్చేసరికి వాడా, వీడా, అతనా, ఆయనా అన్నది తేల్చకుండా పెన్ను కదలదు. అది తేల్చాలంటే, ఈ మాట ఎవరి నోటిదో తేలాలి. విశ్లేషణ క్లాసులో నేను ఎంత అరిచి అడిగినా రాని ప్రశ్న, భాష పెట్టిన ఇబ్బంది వల్ల దానంతట అదే వచ్చింది.

ఇక పాఠం. కొత్త పరిభాషతో మొదలుపెట్టకుండా, అందరూ బడిలో చేసిన ‘ప్రత్యక్ష కథనాన్ని పరోక్ష కథనంలోకి మార్చండి’ అభ్యాసం బోర్డు మీద రాశాను.

‘నేను రేపు వస్తాను’ అని రవి అన్నాడు.

తాను రేపు వస్తానని రవి అన్నాడు.

అందరూ నవ్వారు, పదో తరగతి గుర్తొచ్చి. అప్పుడు ‘వస్తానని’ని విడదీయమన్నాను. వస్తాను, అని. కర్త ‘తాను’, అంటే మూడో మనిషి. క్రియ మాత్రం ఇంకా ‘నేను వస్తాను’ రూపంలోనే ఉంది. ‘అతను వస్తాడని రవి అన్నాడు’ అంటే వచ్చేది రవి కాదు, ఇంకెవరో. పరోక్ష కథనంలో కూడా తెలుగు వాక్యం అసలు మాట్లాడినవాడి గొంతుని క్రియ చివర దాచుకుంటుంది. రోజూ వాడే వాక్యమే, కానీ ఈ సంగతి క్లాసులో ఎవరూ గమనించి లేరు.

మూడో మెట్టు మీద ‘అని రవి అన్నాడు’ని కొట్టేశాను. మిగిలినదాన్ని కథలో ఒక వాక్యంలా నిలబెట్టమన్నాను. రకరకాలుగా వచ్చాయి: ‘రవి తలుపు వేశాడు. రేపు రావాలి. తప్పదు.’ ఒకరు ‘రేపొస్తే సరిపోతుందిలే’ అన్నారు. ఆ ‘లే’ ఎవరిది అని అడిగితే రవిదే అన్నారు, తడుముకోకుండా. ఏమో, కదా, లే, మరి, పాపం లాంటి చిన్న మాటలు, రేపు, ఇప్పుడు, ఇక్కడ లాంటి కాలస్థలాల మాటలు, వాడు, వీడు, తను లాంటి సర్వనామాలు. పాత్ర గొంతు తెలుగులో ఎక్కువగా వీటి మీదే నడుస్తుంది. పుస్తకాల్లోని ఇంగ్లీషు వివరణలు భూతకాల క్రియల చుట్టూ తిరుగుతాయి కాబట్టి మా వాళ్లకి తలకెక్కవు. సొంత భాషలో ఆనవాళ్లు దొరికాక, ఇంగ్లీషు భాగానికి తిరిగి వెళ్లి ‘టుమారో’ దగ్గర వేలు పెట్టడానికి ఎక్కువసేపు పట్టలేదు.

మధ్యలో ఇంకో రెండు ప్రయత్నాలు చేశాను. అనువాదాన్ని ఇంకొకరి చేత మళ్ళీ ఇంగ్లీషులోకి చేయించి మూలంతో పోల్చడం ఒకటి. ప్రశ్నావళుల అనువాదాన్ని సరిచూడటానికి మనస్తత్వ పరిశోధకుడు రిచర్డ్ బ్రిస్లిన్ 1970లో ఈ పద్ధతిని వివరించాడు. ప్రశ్నావళులకి బాగానే ఉంటుంది. కథకి పెడితే, మాటకి మాట పెట్టిన కొయ్య అనువాదమే చక్కగా వెనక్కి తిరిగొచ్చి మంచి మార్కులు కొట్టేస్తుంది. రెండో కుప్ప వాళ్లకి మాత్రం ఒక ఉపయోగం జరిగింది. తిరిగొచ్చిన ఇంగ్లీషులో వాక్యానికొక ‘హి థాట్’ చూసి వాళ్లే తలపట్టుకున్నారు. రెండోది మెషీన్ అనువాదాన్ని ఇచ్చి దిద్దించడం. అందులో తండ్రీ కొడుకులిద్దరూ ‘అతను’ అయిపోయారు. ఎవరెవరో విడదీయడానికి కొంత చర్చ జరిగింది కానీ, చాలామంది అచ్చు తప్పుల్లాంటివి దిద్ది ఊరుకున్నారు. నున్నగా కనిపించే వాక్యం చూస్తే అనుమానం రాదు. మొదటి అనువాదాన్ని విద్యార్థే చెయ్యాలన్నది నాకు ఇక్కడ గట్టిపడింది.

సెమిస్టర్ చివర ఇంకో కొత్త భాగం ఇచ్చాను. ఈసారి మొదటి కుప్ప బాగా తగ్గింది, మూడో కుప్ప పెరిగింది. అంతవరకు సంతోషమే. కానీ కొత్త జబ్బు ఒకటి పట్టుకుంది. కథకుడు మామూలుగా వాన పడుతోందని చెప్పిన వాక్యాన్ని కూడా కొందరు ‘ఛీ, మళ్ళీ వాన’ అని పాత్ర నోట్లో పెట్టేశారు. చూపించిన ఆనవాలు లేకపోయినా గొంతు వినిపించేస్తోంది. దాంతో అనువాదం పక్కన మార్జిన్ గీయించి, ఏ వాక్యం పాత్రదని అనుకున్నారో, మూలంలో ఏ మాట చూసి అనుకున్నారో రాయమన్నాను. ఆధారం చూపలేని చోట వాక్యం కథకుడికే వదలాలి. విశ్లేషణ అనేది ఈ మార్జిన్‌లో జరిగింది. పది పేజీల వ్యాసం కన్నా ఆ రెండు ముక్కలే నాకు పనికొచ్చాయి.

పేపర్లు నేనొక్కడినే దిద్దితే నాకు కావలసిందే కనిపిస్తుంది. అందుకని పేర్లు మూసేసి, ముందువీ తర్వాతవీ కలిపేసి, సహాధ్యాపకురాలికి ఇచ్చాను. నర్సు వాక్యం దగ్గర మా ఇద్దరి లెక్కా బాగానే కలిసింది. ‘పాపం, పిల్లాడికి ఎన్ని పనులో’ దగ్గర కలవలేదు. అది ఎత్తిపొడుపు అని నా ఉద్దేశం. ఆవిడ దాన్ని నిజమైన జాలిగా చదివారు. కోపం దిగాక తండ్రి మనసు మెత్తబడిందని ఆవిడ వాదన. రాసింది నేనే అయినా ఆ వాదనని కొట్టెయ్యడానికి భాగంలో నాకు ఆధారం దొరకలేదు. చివరికి ఆ వాక్యాన్ని మార్కుల నుంచి తప్పించాం, క్లాసు చర్చకి మాత్రం ఉంచాం.

పోల్చడానికి ఇంకో సెక్షన్ లేదు. పాఠం చెప్పినవాడూ పరీక్ష పెట్టినవాడూ ఒక్కడే. మూల భాగాలు కూడా నేను రాసినవే, కాబట్టి అందులో ఆనవాళ్లు అసలు కథల్లోకన్నా కొట్టొచ్చినట్టు ఉండే అవకాశం ఉంది. పేరున్న రచయితల కథల్లో ఈ గొంతు మార్పు ఒక్కోసారి వాక్యం మధ్యలోనే జరిగిపోతుంది, ఇంత ఓపికగా పట్టుబడదు. అలాగే అనువాదం బాగా చేసినవాళ్లంతా ఆ తర్వాత వ్యాసాలు కూడా బాగా రాశారని చెప్పలేను. తెలుగు మీడియం కుర్రాడి వ్యాసం ఇప్పటికీ తడబడుతూనే ఉంది. కాకపోతే ఇప్పుడు అందులో రచయిత మీద నిందలు లేవు, ఏ మాట ఎవరిదో సరిగ్గా ఉంది.

మార్కుల స్కీములో ‘గొంతు’ అని ఒక గడి చేర్చాం. వాక్యార్థానికి ఎన్ని మార్కులో దానికీ అన్నే. విశ్లేషణ పేపర్లో వ్యాస ప్రశ్న ఒకటి తగ్గించి, దాని బదులు పది వాక్యాల అనువాదం, పక్కన మార్జిన్ వివరణ పెట్టాం. దిద్దడానికి టైం ఎక్కువే పడుతుంది. ఆ భాగం ప్రతిసారీ కొత్తగా రాసుకోవాలి కూడా.

వచ్చే సెమిస్టరుకి దారి తిప్పి, తెలుగు నుంచి ఇంగ్లీషులోకి ఇస్తున్నాను. అందులో మొదటి నాలుగైదు వాక్యాలు ‘తను’తోనే నడుస్తాయి. వెళ్లాలి, అడగాలి, ఎలాగైనా తెలుసుకోవాలి లాంటి క్రియలే తప్ప పాత్ర ఆడో మగో చెప్పేవి ఉండవు. ఇంగ్లీషు మాత్రం రెండో వాక్యం లోపే అది చెప్పమని అడుగుతుంది, కాలం సంగతి కూడా అప్పుడే తేల్చమంటుంది. ఎక్కడ ఆగారో, ఏం చూసి ముందుకెళ్లారో మార్జిన్‌లో రాయమని ప్రశ్నపత్రం మీద అచ్చు వేయిస్తున్నాం.